బొమ్మ వేసిన చెయ్యి, గుడ్డ నేసిన చెయ్యి

మెడకు కట్టుకునే టైని మన పెద్దలు ‘కంఠలంగోటి’ అని వెక్కిరించేవారు. మద్రాసు ఎండలో దాన్ని కట్టుకుని తిరిగినవారికి ఆ వెక్కిరింపు అన్యాయమని అనిపించదు. చలి లేని ఊళ్ళో మెడకు గుడ్డ ఎందుకు? అది చొక్కాకు గుండీ పెట్టదు, చెమట తుడవదు. ఎవరి ఉద్యోగం ఏమిటో, ఎవరి హోదా ఎంతో చెప్పడం ఒక్కటే దాని పని. అయినా ఈ జానెడు పట్టుగుడ్డకు ఒక చరిత్ర ఉంది. అందులో ఒక అధ్యాయం చిత్రకారులది, మరొకటి దానధర్మాలది. ఈ రెండూ కలిసిన చోట మనం అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఆ ప్రశ్నకు మంచి జవాబు మన మద్రాసు తీరంలోనే దొరుకుతుంది.

పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సుకు వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకు చుట్టుకున్న గుడ్డే ‘క్రవాత్’ అయిందని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు మనం చూసే టై రూపం మాత్రం 1920లలో న్యూయార్కు నగరంలో స్థిరపడింది. జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే దర్జీ గుడ్డను నిలువుగా కాక ఐమూలగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టాడు. దానితో టై మెలిపడకుండా వేలాడటం మొదలుపెట్టింది, ముడి విప్పగానే మళ్ళీ తిన్నగా సాగింది. దర్జీకి అది వరం, చిత్రకారుడికి కష్టం. బొమ్మను ఏటవాలుగా కోసి, అందులో నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే లోకానికి చూపించాలి. పై సగం ముడిలోకి పోతుంది, మిగిలినదాంట్లో కొంత కోటు చాటున దాగుతుంది.

ఇంత ఇరుకు జాగాలోనూ పేరున్న చిత్రకారులు తల దూర్చారు. స్పెయిన్ దేశపు సాల్వడార్ డాలీ 1940లలో అమెరికా కంపెనీకి టైల నమూనాలు వేశాడు. అంతకు ముందే, 1912 నుంచి, ఫ్రెంచి చిత్రకారుడు రవుల్ దుఫీ లియాన్ పట్టు వ్యాపారులకు గుడ్డల నమూనాలు ఇచ్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్‌లో ఆషర్ దంపతులు మతీస్, హెన్రీ మూర్ వంటివారి చేత పట్టు రుమాళ్ళకు బొమ్మలు వేయించి, 1947లో చిత్రశాల గోడలకు పటాలలాగా తగిలించి చూపారు. ‘ఇన్ని మాత్రమే అచ్చు వేస్తాం’ అనే నియమం చిత్రాల అచ్చు నుంచి గుడ్డ మీదికి వచ్చింది ఇలాంటి ప్రయత్నాల వల్లనే.

తరువాత దీనికి దానం తోడయింది. దారి చూపింది టైలు కాదు, గ్రీటింగు కార్డులు. 1949లో యుద్ధంలో నలిగిన చెకొస్లొవేకియాలో యిత్కా సంకోవా అనే ఏడేళ్ళ పిల్ల, కాగితం దొరక్క గాజుపలక మీద వేసిన బొమ్మ యునిసెఫ్ మొదటి కార్డు అయింది. మన దేశంలో 1979లో విమానంలో పర్సరుగా పనిచేసే రిప్పన్ కపూర్, మరికొందరు స్నేహితులు 50 రూపాయలతో ‘క్రై’ సంస్థను మొదలుపెట్టారు. చిత్రకారులు ఉచితంగా ఇచ్చిన బొమ్మలను కార్డులుగా అచ్చువేసి, అమ్మిన సొమ్ముతో పిల్లలకు చదువు చెప్పించే పనులు చేశారు. 1990లలో అమెరికాలో ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ పేరుతో పిల్లలు వేసిన బొమ్మలున్న టైలు దుకాణాలకు వచ్చాయి. ఆఫీసులో కాస్త గంభీరంగా కనిపించవలసిన పెద్దమనిషి మెడ మీద పిల్లల బొమ్మలు ఆడుకున్నాయి. అటు తరువాత ఎన్నో ఆసుపత్రులు, అనాథాశ్రమాలు, ధర్మసంస్థలు ఈ బాట పట్టాయి. పేరున్న చిత్రకారుడు, లెక్కపెట్టిన టైలు, లాభం ధర్మానికి. ఇదీ సూత్రం.

ఇందులో తప్పేమీ లేదు. మంచి పని చక్కగా జరుగుతోంది. కానీ బ్యాంకులో పద్దులు చూసి చూసి అలవాటైన కళ్ళకు ఒక ఖాళీ గడి కనిపిస్తుంది. ఉదాహరణకు అలాంటి ఒక టై ధర 1000 రూపాయలనుకుందాం. అందులో పట్టు నేసినవాడికి కొంత, అచ్చు వేసినవాడికి కొంత, కుట్టినవాడికి కొంత, దుకాణదారుకు కొంత పోతుంది. చిత్రకారుడు తన భాగం వదులుకుంటాడు. మిగిలింది ధర్మానికి చేరుతుంది. చిత్రకారుడి పేరు టై వెనక పట్టీ మీద ఉంటుంది, ధర్మసంస్థ పేరు డబ్బా మీద ఉంటుంది, కొన్నవాడి పేరు రసీదులో ఉంటుంది. నేసిన చేతి పేరు ఎక్కడా ఉండదు. పైగా కొన్నవాడు తాను దానం చేశాననుకుంటాడు. ఆదాయపు పన్ను లెక్కలో విరాళం వేరు, వస్తువు వెల వేరు. మనసులోని లెక్కలో కూడా ఈ రెంటినీ విడదీసి చూసుకోవడం మంచిది.

ఈ పేరులేనితనం నిన్న మొన్నటిది కాదు. దాని మూలాలు మన తీరంలో, మన తెలుగువాళ్ళ చేతుల్లో ఉన్నాయి. మైలాపూరు సముద్రపు ఒడ్డున, శాంథోమ్‌లో, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు కాపురం పెట్టారు. అక్కడి నుంచి ఓడలకెక్కిన సరుకులో ముఖ్యమైనది బొమ్మలు వేసిన నూలుగుడ్డ. వారి భాషలో దాని పేరు ‘పింతాదో’, అంటే చిత్రించినది. కపాలీశ్వరుడి గోపురానికి కూతవేటు దూరంలో అమ్ముడైన ఆ గుడ్డల మీద పని చేసినవారిలో ఒక్కరి పేరైనా చరిత్ర రాసుకోలేదు.

ఉత్తరాన మచిలీపట్నంలోనూ ఇదే కథ. 1611లో ఇంగ్లీషు కంపెనీ ‘గ్లోబ్’ ఓడ పెదపల్లి, అంటే నేటి నిజాంపట్నం రేవుకూ, మచిలీపట్నానికీ వచ్చింది గుడ్డల కోసమే. ఆ పెదపల్లి ప్రాంతంలో పండే చిరివేరు ఇచ్చే ఎరుపు రంగుకు సాటి లేదని పేరు. డచ్చివారు పాలకొల్లులో అద్దకాల వ్యాపారం నడిపారు. తెల్లవారు కొన్నవాటిలో రుమాళ్ళ పాలు తక్కువేమీ కాదు. చేతిలో పట్టుకునేవీ, తలకు చుట్టేవీ, మెడకు కట్టుకునేవీ అవే. అంటే టైకి పూర్వీకుడైన మెడగుడ్డలు కొన్ని మన కోస్తా మగ్గాల మీద పుట్టినవే. ‘మద్రాసు రుమాలు’ పేరుతో చీరాల ప్రాంతంలో నేసిన గళ్ళ గుడ్డ పశ్చిమ ఆఫ్రికా దాకా పోయింది. నైజీరియాలోని కలబారి ప్రజలు దాన్ని ‘ఇంజిరి’ అని పిలిచి, పెళ్ళికీ చావుకీ వాడుకున్నారు. నేసింది తెలుగు సాలీలు, పేరు మద్రాసుది, గౌరవం ఆఫ్రికాలో.

మద్రాసు పట్నం పుట్టుకకు కూడా గుడ్డే కారణం. మచిలీపట్నం కన్నా ఇక్కడ గుడ్డ చౌకగా దొరుకుతుందని ఫ్రాన్సిస్ డే తన పైవాళ్ళకు చెప్పి ఒప్పించాడు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి ఈ చోటు సంపాదించాడు. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు ఊరికి నిలిచింది. 1734 ప్రాంతంలో కంపెనీవారు నేతగాళ్ళ కోసం, నూలు వడికేవారి కోసం, అద్దకంవాళ్ళ కోసం ఒక పేటను ప్రత్యేకంగా కట్టించారు. అదే ‘చిన్న తఱి పేట’, నేటి చింతాద్రిపేట. తఱి అంటే మగ్గం. ఆ పేటకు కావలసిన జాగా సుంకురామ చెట్టి తోటది. దుబాసీ పేరు, గవర్నరు పేరు దస్తావేజుల్లో ఉన్నాయి. మగ్గం ముందు కూర్చున్నవాడి పేరు మాత్రం మగ్గంతోనే పోయింది.

ఆనాటి అద్దకం పనితనం ఎంతటిదో కాస్త తెలుసుకోవాలి. ముడిగుడ్డను కరక్కాయ రసంలోను, పాలలోను నానబెట్టి ఎండబెడతారు. ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో నల్లగీత గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూసి, చిరివేరు కషాయంలో ఉడికిస్తారు. నీలం ఎక్కకూడని చోట్ల కరిగించిన మైనం కలంతో పూసి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచుతారు. తరువాత వేడినీళ్ళలో మైనం కరిగించేస్తారు. ఈ గుడ్డల వెల్లువ తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ వాటిని నిషేధించాయి. రెండు రాజ్యాలను చట్టాలు చేసే దాకా తెచ్చిన ఆ చేతులు ఎవరివి? మన దగ్గర జవాబు లేదు.

ఆ మైనం కథ సరిగ్గా ఇక్కడే ఇంకో మలుపు తిరిగింది. ఈసారి మైనం పట్టినవారు పేరున్న చిత్రకారులు.

ఎగ్మూరులోని చిత్రకళాశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు స్థాపించాడు. మొదట్లో అది వృత్తిపనులు నేర్పే బడి. 1930 ప్రాంతంలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వచ్చాక చిత్రకళకు పెద్దపీట పడింది. అప్పటి చిత్తూరు జిల్లా నాగలాపురంలో పెరిగిన కె. శ్రీనివాసులు, మైలాపూరులో పుట్టిన శిల్పి ఎస్. ధనపాల్ ఆయన శిష్యులే. 1957లో కె.సి.ఎస్. పణిక్కర్ ప్రిన్సిపాలు అయ్యాడు. కుటుంబం కోసం తంతి శాఖలో ఉద్యోగం చేసి, తరువాత చిత్రకళకు వచ్చినవాడాయన. అందుకే జీతం రాళ్ళకూ కుంచెకూ మధ్య నలిగే బాధ ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది. బడి నుంచి ఏటా చక్కని చిత్రకారులు బయటికి వస్తున్నారు. ఆ తరువాత ప్రకటనల కంపెనీల్లోనో, మరేదో కొలువులోనో చేరి కుంచె పక్కన పెడుతున్నారు. మద్రాసులో బొమ్మలు కొనేవారు ఆ రోజుల్లో వేళ్ళ మీద లెక్కించేటంతమంది.

ఆయన ఎవరినీ విరాళం అడగలేదు. సర్కారు వారి దగ్గర చెయ్యి చాపమని శిష్యులకు చెప్పలేదు. ‘రోజులో కొంతసేపు చేతిపని చెయ్యండి, దాన్ని అమ్ముకోండి, మిగతా సమయం మీ చిత్రానిది’ అన్నదే ఆ ఆలోచన సారం. చిత్రకారుల హస్తకళల సంఘం ఏర్పడింది. బాతిక్, లోహపు పని, తోలుపని మొదలయ్యాయి. బాతిక్ అంటే మైనం పూసి రంగు అద్దే పనే. 1927లో రవీంద్రనాథ ఠాగూరు జావా వెళ్ళినప్పుడు వెంట ఉన్న సురేంద్రనాథ్ కర్ దాన్ని శాంతినికేతనానికి తెచ్చాడు. అలా అది కొత్త పేరుతో, జావా ముద్రతో మన దేశం చేరింది. కానీ మైనాన్ని అడ్డుపెట్టి రంగు వేయడం కోరమాండల్ తీరానికి కొత్తా? మన కలంకారీ అద్దకాల వాళ్ళు వందల ఏళ్ళ కిందటే చేసిన పని అది.

బాతిక్ గుడ్డలు బాగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బు కూడబెట్టి, మహాబలిపురం దారిలో ఇంజంబాక్కం దగ్గర ఇసుకనేల కొన్నారు. 1966లో ముప్పైమందికి పైగా చిత్రకారులు, శిల్పులు కలిసి కట్టుకున్న ఊరు చోళమండలం. కోరమాండల్ అన్న మాటకు మూలమైన పేరే వాళ్ళు తమ ఊరికి పెట్టుకున్నారు. మైనపు గుడ్డ అమ్మిన డబ్బుతో కొన్న నేలకు ఆ పేరు పెట్టడంలో ఎంత ఔచిత్యం ఉందో, అప్పట్లో వాళ్ళకు తట్టిందో లేదో గానీ, మనకు తట్టకుండా ఉండదు.

ఇక్కడి లెక్క టైల లెక్కకు తలకిందులు. టై వ్యవహారంలో చిత్రకారుడు బొమ్మ ఇస్తాడు, గుడ్డ పని ఇంకెవరో చేస్తారు, సొమ్ము మూడో మనిషికి పోతుంది. చోళమండలంలో బొమ్మ వేసిన చెయ్యే మైనం పూసింది, రంగులో ముంచింది, అమ్మింది. సొమ్ము ఆ చేతికే స్వేచ్ఛగా తిరిగివచ్చింది. అక్కడ ‘ఇన్ని మాత్రమే’ అన్న నియమం కూడా అక్కర్లేకపోయింది. మైనం ఎండి పగిలిన చోటల్లా రంగు సన్నని దారాల్లాగా చొరబడుతుంది. ఆ పగుళ్ళు రెండు గుడ్డల మీద ఒకలా రావు. ప్రతిదీ ఒక్కటే అయినప్పుడు సంఖ్య వేయడం ఎందుకు?

అంతా సుఖంగా సాగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇసుకలో కాపురం కష్టం. జె. సుల్తాన్ అలీ వంటి పెద్దలు వచ్చి చేరారు. ఎంతో ప్రతిభ ఉన్న కె. రామానుజం 1973లో చిన్న వయసులోనే పోయాడు. పణిక్కర్ 1977లో కన్నుమూశాడు. బాతిక్ మోజు కూడా తగ్గింది. అయినా ఊరు చెడలేదు. పణిక్కర్ కుమారుడు, శిల్పి నందగోపాల్ 2017లో చనిపోయే దాకా దాని మంచిచెడ్డలు చూశాడు. 2009లో అక్కడ మద్రాసు చిత్రకళా ఉద్యమానికి ఒక మ్యూజియం వెలిసింది. దానం మీద కాకుండా పని మీద నిలబడిన సంస్థ ఆయుష్షు అలా ఉంటుంది.

రెండో దారి కూడా ఈ ఊళ్ళోనే కనిపిస్తుంది. 1950ల నడుమ పుపుల్ జయకర్ చొరవతో నేతగాళ్ళ సేవా కేంద్రాలు వెలిశాయి. చిత్రకారులను నెలజీతం మీద పెట్టుకుని, నమూనాలు వేయించి, మగ్గం వాళ్ళకు అందించడం వాటి పని. బెంగాల్ చిత్రకారుడు జోగెన్ చౌధురి 1968 నుంచి 1972 వరకు మద్రాసులో ఈ కొలువు చేశాడు. కె.ఎం. ఆదిమూలం, మన తెలుగువాడు ఎం. రెడ్డెప్ప నాయుడు కూడా ఆ కేంద్రంలో పనిచేసినవారే. దేవతామూర్తులను కొత్త గీతల్లో చూపిన రెడ్డెప్ప నాయుడి చిత్రాలు చిత్రశాలల్లో ఆయన పేరుతో వేలాడుతున్నాయి. కొలువులో వేసిన నమూనాలు మాత్రం ఎవరి చీర అంచులోనో సంతకం లేకుండా కలిసిపోతాయి. ఇక్కడ చిత్రకారుడు కూడా సాలీవాడి పేరులేనితనంలో పాలు పంచుకున్నాడు. అదొక రకం సమానత్వం. అఖిల భారత చేనేత బోర్డును 2020లో రద్దు చేశారు.

మూడో దారి మన మైలాపూరు ఆడవాళ్ళది. రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి వచ్చిన దుర్గాబాయి 1937లో ఇక్కడ ఆంధ్ర మహిళా సభకు అంకురార్పణ చేసింది. భర్త పోయినవారిని, చదువు ఆగిపోయినవారిని చేరదీసి, బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించడంతో పాటు చేతిపనులు నేర్పించారు. లజ్ దగ్గర శ్రీబాగ్‌లో ఉండే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు వంటి దాతల ఊరది. దానానికి కొదవ లేదు. అయినా ఆమె ఆ స్త్రీల చేతికి డబ్బు ఇచ్చి ఊరుకోలేదు, పని నేర్పింది. తరువాత 1953లో ఆమె వివాహమాడిన చింతామణి దేశ్‌ముఖ్ రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. డబ్బు విలువ తెలిసిన ఇల్లు అది. డబ్బు కన్నా పని విలువ ఎక్కువని ఆమెకు అంతకు ముందే తెలుసు.

ఈ మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చిత్రకారుల టైని తూచే తూనిక దొరుకుతుంది. ధర్మం కోసం అమ్మే ఏ వస్తువులోనైనా మూడు పేర్లు ఉండాలి: బొమ్మ ఎవరిది, చెయ్యి ఎవరిది, సొమ్ము ఎవరికి. మొదటిదీ చివరిదీ అందరూ చెబుతారు. నడుమ పేరు చెప్పేవారు అరుదు. చెయ్యికి తగిన కూలి ఇవ్వకుండా మిగిల్చిన లాభాన్ని పిల్లల ఆసుపత్రికి ఇస్తే, ఆ దానం చేసింది నిజానికి నేతగాడు. అతణ్ణి అడగకుండా చేయించిన దానం అది.

మార్పు అసాధ్యమేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ సంగతి చూడండి. గుళ్ళో తెరల మీద రామాయణం బొమ్మలు వేసిన తరాల పేర్లు మనకు తెలియవు. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక, నేర్పినవారికి పేరొచ్చింది, నేర్చుకున్నవారికి పేరొచ్చింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. కలం అదే, కరక్కాయ అదే. మారింది ఒక్కటే, గుడ్డ కింద మనిషి కనిపించాడు.

ఇది చదివే మనకు ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవలసింది ఒకటుంది. తమిళనాడులో తెలుగు మాట్లాడే పద్మశాలి, దేవాంగ కుటుంబాలు ఎన్నో. తాతలు మగ్గం నేశారు, మనుమలు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. తాత ఏ రకం నేశాడు, ఏ రంగు అద్దాడు, ఏ కొట్టుకు అమ్మాడు అన్నది ఇంట్లో ముసలివాళ్ళకు మాత్రమే గుర్తు. బడిలో తెలుగు పోతే భాష పోతుందని మనం బాధపడుతున్నాం, న్యాయమే. పడుగు, పేక, నాడె, ఆసు, అచ్చు అన్న మాటలు పోవడం కూడా భాష పోవడమే. ఆ మాటలనూ, ఆ పేర్లనూ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

ధర్మం కోసం అమ్మే టై గానీ, చీర గానీ, కార్డు గానీ కొనండి, తప్పక కొనండి. కొనే ముందు బల్ల వెనక నిలబడినవారిని ఆ నడుమ పేరు అడగండి. వారికి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే, పదకొండోవాడు అడిగేసరికి తెలుసుకుని ఉంటారు.